లాగిన్ లూప్

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా, కంప్యూటర్ దాన్ని ఒప్పుకున్నా, డెస్క్‌టాప్ తెరుచుకునేలోపే మనిషిని బయటికి పంపించి మళ్లీ పాస్‌వర్డ్ అడగడాన్ని లాగిన్ లూప్ అంటారు. తెర ఒక క్షణం నల్లబడుతుంది. ‘వెల్‌కమ్’ అన్న మాట కనబడీ కనబడకముందే మాయమవుతుంది. మళ్లీ అదే పేరు, అదే ఖాళీ పెట్టె. పాస్‌వర్డ్ తప్పయితే కంప్యూటర్ ఆ ముక్క చెబుతుంది. లూప్‌లో మామూలుగా ఏ తప్పూ చెప్పదు. అందుకే జనం ముందు తమ వేళ్లను అనుమానిస్తారు, తర్వాత పాస్‌వర్డ్ మారుస్తారు, చివరికి దుకాణానికి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తారు.

నిజానికి ఇందులో పాస్‌వర్డ్ దోషం ఏమీ లేదు. లాగిన్ అనేది రెండు పనులు: వచ్చినది ఎవరో తేల్చుకోవడం ఒకటి, ఆ మనిషి పేరు మీద సెషన్ మొదలుపెట్టడం రెండోది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ లోపలికి పంపినా ఫ్లాటు తాళం తిరగకపోతే ఎలా ఉంటుందో, లూప్‌లో పరిస్థితి అలాంటిది. పాస్‌వర్డ్ మార్చడం గేటు దగ్గరి పని. చెడింది లోపలి తాళం. ఫార్మాట్ కొడితే తాళంతోపాటు ఇంట్లో సామానూ పోతుంది. చాలా సందర్భాల్లో కారణం ఒక్క ఫైలు, ఒక్క అనుమతి, లేదా నిండిపోయిన డిస్క్.

దీన్ని, యంత్రం పూర్తిగా తెరుచుకోకుండానే మళ్లీ మళ్లీ మొదలయ్యే బూట్ లూప్‌తో కలపకూడదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నీలి తెర చూపి ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు వెళ్లే ప్రయాణికుడికి చేతిరాతతో ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. ఆ క్రౌడ్‌స్ట్రైక్ ఘటనలో యంత్రం లాగిన్ తెర దాకా కూడా రాలేదు. వెబ్‌సైట్లలో కుకీలు నిలవక మళ్లీ మళ్లీ లాగిన్ అడగడం మరో జాతి ఇబ్బంది. దాని సంగతి బ్రౌజర్ చూసుకోవాలి.

సెషన్ ఎలా బతుకుతుంది

ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే పద్ధతితోపాటే లాగిన్ పుట్టింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో చూపించిన సీటీఎస్ఎస్ దీనికి ఆద్యం. ఎవరి ఫైళ్లు వారికి విడిగా ఉండాలంటే పాస్‌వర్డ్ కావాల్సి వచ్చింది. ఆ తర్వాత 1970లలో యునిక్స్ ఈ ఏర్పాటుకు ఇచ్చిన రూపమే నేటికీ నడుస్తోంది. లాగిన్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ చూసి, వాడుకరి తరఫున షెల్ అనే మొదటి ప్రోగ్రామ్‌ను లేపుతుంది. ఆ షెల్ బతికున్నంతసేపే సెషన్. షెల్ ముగిసిందంటే పని అయిపోయి మనిషి వెళ్లిపోయాడని యంత్రం అనుకుంటుంది, మళ్లీ లాగిన్ తెర వేస్తుంది. పని అయిపోయి ముగియడానికీ, పుట్టగానే పడిపోవడానికీ మధ్య తేడాను ఆ ఏర్పాటు పట్టించుకోదు. లాగిన్ లూప్‌కు పుట్టుక ఇక్కడే ఉంది.

బొమ్మల తెరలు వచ్చాక కూడా ఇదే సూత్రం. యునిక్స్‌లో బొమ్మల తెరలు చూపే ఎక్స్ విండో వ్యవస్థకు 1988లో ఎక్స్‌డీఎం అనే లాగిన్ నిర్వాహకం తోడైంది. దాన్ని రాసినవాళ్లకు ఈ ప్రమాదం ముందే తెలుసు. వాడుకరి సొంత సెషన్ ఫైలు చెడిపోతే ఎలాగని ఆలోచించి, పాస్‌వర్డ్ కొట్టాక ఎంటర్‌కు బదులు ఎఫ్1 నొక్కితే ఆ ఫైలును పక్కనపెట్టి ఒట్టి టెర్మినల్ కిటికీతో లోపలికి పంపే దారి ఉంచారు. తర్వాత వచ్చిన అందమైన లాగిన్ తెరల్లో ఇలాంటి దారులు కొన్ని కనుమరుగయ్యాయి. అది మంచి మార్పు కాదు.

సర్జాపుర రోడ్డు మీద మూడు రకాల యంత్రాలు

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలోని సర్జాపుర, అక్కడి నుంచి ఇబ్లూరు మీదుగా నగరంలోకి సాగే సర్జాపుర రోడ్డు ఈ ఇబ్బందిని గమనించడానికి తగిన చోటు. దొడ్డకన్నెల్లిలో విప్రో ప్రధాన కార్యాలయం, ఊరి దగ్గర అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, కాస్త దూరంలో అవుటర్ రింగ్ రోడ్డు కంపెనీలు. ఈ దారి పొడవునా ఫ్లాట్లలో, పీజీల్లో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు ఎందరో ఉన్నారు. హోసూరు, ఆనేకల్ ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. ఇలాంటి ఇంట్లో మామూలుగా మూడు రకాల కంప్యూటర్లు కనిపిస్తాయి: కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, తమ్ముడో చెల్లెలో విండోస్ పక్కన ఉబుంటు లినక్స్ వేసుకున్న సొంత ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించిన పాత డెస్క్‌టాప్. మూడింటికీ లూప్ రావచ్చు, కానీ ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు.

స్థానిక కారణం ఒకటి ఉంది: వానలకు కరెంటు పోవడం. 2022 సెప్టెంబరు వానలకు సర్జాపుర రోడ్డులోని రెయిన్‌బో డ్రైవ్ లేఅవుట్ మునిగినప్పుడు జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. అంతటి వరద రాకపోయినా, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఒక్కసారి కరెంటు పోవడం చాలు. లినక్స్ డిస్క్‌లో లోపాలు కనిపిస్తే వ్యవస్థ మరింత నష్టం జరగకుండా ఆ డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. లాగిన్ తెర వస్తుంది, పాస్‌వర్డ్ కుదురుతుంది, సెషన్ మాత్రం ఒక్క అక్షరం రాసుకోలేక పడిపోతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డిస్క్ లోపాలు సరిదిద్దే ఎఫ్ఎస్‌సీకే నడిపితే సాధారణంగా సర్దుకుంటుంది. అదే డిస్క్ మళ్లీ మళ్లీ అలా చేస్తుంటే డిస్క్ ఆయువు చూసుకోవాలి.

విండోస్‌లో

విండోస్‌లో పాస్‌వర్డ్ తనిఖీ అయ్యాక విన్‌లాగాన్ అనే ప్రోగ్రామ్ వాడుకరి ప్రొఫైల్‌ను ఎక్కించి, యూజర్‌ఇనిట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. లాగిన్ స్క్రిప్టులు, నెట్‌వర్క్ డ్రైవ్‌లు చూసుకుని, డెస్క్‌టాప్ చూపే ఎక్స్‌ప్లోరర్‌ను లేపి, యూజర్‌ఇనిట్ తప్పుకుంటుంది. యూజర్‌ఇనిట్ ఎక్కడుందో రిజిస్ట్రీలో విన్‌లాగాన్ పద్దు కింద ఒక వరుసలో రాసి ఉంటుంది. ఆ వరుస తప్పయినా, అది చూపిన చోట ఫైలు లేకపోయినా విన్‌లాగాన్ వెంటనే లాగౌట్ చేసేస్తుంది. ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే చెడితే లూప్ రాదు. నల్లటి తెర మీద మౌస్ బాణం మిగులుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ విండోస్ ఎక్స్‌పీ కాలంలోది. బ్లేజ్‌ఫైండ్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో యూజర్‌ఇనిట్ పేరు తీసేసి డబ్ల్యూఎస్ఏఅప్‌డేటర్ అనే తన ఫైలు పేరు రాసేది. యాడ్-అవేర్ అనే శుద్ధి సాధనం ఆ ఫైలును పట్టుకుని తుడిచేసింది కానీ రిజిస్ట్రీ వరుసను సరిచేయలేదు. రోగం పోయింది, దాంతోపాటే లాగిన్ పోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లినా అదే లూప్, ఎందుకంటే సేఫ్ మోడ్ కూడా అదే వరుస చదువుతుంది. ఎక్స్‌పీ రికవరీ కన్సోల్‌లో రిజిస్ట్రీ దిద్దే సాధనం లేదు. అందుకని జనం ఎంచుకున్న ఉపాయం చూడముచ్చటైనది: అసలు యూజర్‌ఇనిట్ ఫైలుకు నకలు తీసి, దానికి ఆ దొంగ ఫైలు పేరే పెట్టడం. విండోస్ ఆ పేరుతో వెతికింది, దొరికింది, లోపలికి పంపింది. తర్వాత తీరిగ్గా రిజిస్ట్రీ సరిచేసుకున్నారు.

ఎక్స్‌పీకి మరో లూప్ ఉండేది, అది కావాలని పెట్టినది. యాక్టివేషన్ గడువు 30 రోజులు దాటాక ‘ఇప్పుడు యాక్టివేట్ చేస్తారా’ అన్న ప్రశ్నకు కాదంటే వ్యవస్థ లాగౌట్ చేసేది.

ఎస్ఎస్‌డీకి మారేటప్పుడు వచ్చే లూప్ ఇప్పటి పాత డెస్క్‌టాప్‌లకు సంబంధించింది. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో పాత డిస్క్‌ను కొత్తదానికి క్లోన్ చేయించి, రెండు డిస్క్‌లూ తగిలించి ఉండగానే మొదటిసారి బూట్ చేస్తే, కొత్త విండోస్ తనకు సీ అక్షరం కాక వేరేది ఇచ్చుకునే ప్రమాదం ఉంది. రిజిస్ట్రీ వరుస మాత్రం సీ అనే చెబుతుంది. పాత డిస్క్ ఉన్నన్నాళ్లు దాని మీది యూజర్‌ఇనిట్‌తోనే బండి నడుస్తుంది. పాత డిస్క్ పీకిన రోజున లూప్ మొదలవుతుంది. క్లోన్ అయ్యాక మొదటి బూట్ పాత డిస్క్ తీసేసి చేయడమే దీనికి నివారణ.

ఇప్పటి విండోస్‌లో బయటి నుంచి లోపలికి వెళ్లడం ఎక్స్‌పీ కన్నా తేలిక. లాగిన్ తెర మీద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ అంటే రికవరీ వాతావరణం వస్తుంది. అందులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రెజ్‌ఎడిట్ నడపాలి. ‘లోడ్ హైవ్’ ద్వారా విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32, కాన్ఫిగ్ కింద ఉండే సాఫ్ట్‌వేర్ అనే ఫైలును తెరిచి, విన్‌లాగాన్ వరుస చూడాలి. అక్కడ సిస్టమ్32లోని యూజర్‌ఇనిట్ పూర్తి దారి, చివర ఒక కామా ఉండాలి. ఆ కామా తర్వాత ఇంకో తెలియని ప్రోగ్రామ్ పేరు ఉంటే అనుమానించాల్సిందే. రికవరీలో ఉన్నప్పుడు డ్రైవ్ అక్షరాలు మారి కనిపించవచ్చు. సీలో విండోస్ కనబడకపోతే డీలో చూడాలి.

ప్రొఫైల్ చెడితే కథ వేరు. ‘యూజర్ ప్రొఫైల్ సర్వీస్ విఫలమైంది’ అన్న సందేశం చూపి విండోస్ వెనక్కి పంపుతుంది. అప్పుడు రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ కింద ఒకే వాడుకరికి రెండు పద్దులు, ఒకదాని చివర ‘బ్యాక్’ అన్న తోకతో, కనబడతాయి. ఇక్కడొక హెచ్చరిక అవసరం. రెజ్‌బ్యాక్ ఫోల్డరులోంచి పాత రిజిస్ట్రీ నకళ్లు తెచ్చి పెట్టమనే సలహా ఇంకా చేతులు మారుతూనే ఉంది. విండోస్ 10 లోని 1803 వెర్షన్ నుంచి ఆ ఫోల్డరులో తనంతట తాను నకళ్లు దాచడం ఆగిపోయింది. అక్కడుండేవి సున్నా పరిమాణపు ఖాళీ ఫైళ్లు. వాటిని అసలు ఫైళ్ల మీద పెడితే లాగిన్ తెర కూడా రాదు.

లినక్స్‌లో

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా లినక్స్‌ను తెలుగులోకి తేవడం, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను పెంచడం వల్ల తెలుగు పిల్లల్లో చాలామందికి ఈ వ్యవస్థ కాలేజీ రోజుల్లోనే పరిచయం. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేతికొచ్చిన ప్రతి ఆదేశం నడిపి చూస్తారు. అలా చూడడమే మంచిది. అందులోంచే లూప్‌లు కూడా వస్తాయి.

అన్నింటికన్నా మామూలు కారణం డిస్క్ నిండిపోవడం. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్క్‌లో 5 శాతం నిర్వాహక వాడుకరి అయిన రూట్ కోసం పక్కనపెట్టి ఉంచడం ఆనవాయితీ. 100 జీబీ భాగంలో 5 జీబీ అన్నమాట. వ్యవస్థ పనులు ఆ నిల్వ మీద నడిచిపోతాయి, లాగిన్ తెర మామూలుగానే వస్తుంది. వాడుకరి సెషన్‌కు మాత్రం చోటు దొరకదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల యంత్రాల్లో డాకర్ ఇమేజీలు, పెరిగిపోయిన లాగ్‌లు ఈ పని చేస్తాయి. ఖాళీ ఉన్నట్టు చూపిస్తున్నా, ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఉండే ఐనోడ్ పద్దులు అయిపోయి ఉండవచ్చు. అందుకని ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ ఆదేశాన్ని రెండు రకాలుగా, ఒకసారి జీబీల కోసం, ఒకసారి ఐనోడ్‌ల కోసం నడపాలి.

రెండోది ఎన్విరాన్‌మెంట్ ఫైలు. జావా కోసమో, ఆండ్రాయిడ్ సాధనాల కోసమో, ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితా అయిన ‘పాత్’ మార్చమని పాఠంలో ఉంటుంది. విద్యార్థి ఆ వరుసను, డాలర్ గుర్తుతో సహా, ఈటీసీ ఫోల్డరులోని ఎన్విరాన్‌మెంట్ ఫైలులో రాస్తాడు. ఆ ఫైలును షెల్ చదవదు. డాలర్ పాత్ అన్న మాట అక్కడ పాత విలువగా మారదు, అక్షరాలుగానే ఉండిపోతుంది. దాంతో వ్యవస్థకు తన సొంత ప్రోగ్రాములు ఎక్కడున్నాయో తెలియకుండా పోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ తెరలోకి వెళ్తే, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కూడా ‘దొరకలేదు’ అంటుంది. ఇది చూసి కంగారుపడాల్సిన పని లేదు. ప్రోగ్రాములన్నీ ఉన్నచోటే ఉన్నాయి. యూఎస్ఆర్, బిన్ అంటూ పూర్తి దారితో, రూట్ అధికారమిచ్చే సుడోను, నానో అనే ఎడిటర్‌ను పిలిచి ఆ వరుస దిద్దితే చాలు. ఇంటి ఫోల్డరులోని ప్రొఫైల్ ఫైలులో ‘ఎగ్జిట్’ అన్న ఒక్క మాట మిగిలిపోయినా లూప్ వస్తుంది. ఆ ఫైలు లాగిన్ సమయంలోనే చదవబడుతుంది కాబట్టి సెషన్ అక్కడే ముగుస్తుంది.

ఎక్స్‌అథారిటీ అనే దాచిన ఫైలు కథ పాతది, ఇంకా ముగియలేదు. తెరతో మాట్లాడే హక్కు ఎవరికుందో చెప్పే రహస్య సంఖ్య అందులో ఉంటుంది. సుడోతో బొమ్మల ప్రోగ్రాములు తెరిచినప్పుడు, ముఖ్యంగా సుడోతో స్టార్ట్‌ఎక్స్ నడిపినప్పుడు, ఆ ఫైలు రూట్ సొత్తయిపోవచ్చు. మర్నాడు అసలు యజమాని తన ఫైలులో తానే రాయలేడు. చౌన్ ఆదేశంతో యాజమాన్యం తిరిగి ఇచ్చినా, ఆ ఫైలు పేరు మార్చి పక్కనపెట్టినా సరిపోతుంది. కొత్తది దానంతట అదే పుడుతుంది. లైట్‌డీఎం అనే లాగిన్ నిర్వాహకం వాడే యంత్రాల్లో దీన్ని తప్పక చూడాలి. టెంప్ ఫోల్డరు అనుమతులు 1777 కాకుండా పోయినా లక్షణం అచ్చంగా ఇదే.

ఎన్విడియా కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో లూప్ తరచు కెర్నల్ అప్‌డేట్ మర్నాడు మొదలవుతుంది. కొత్త కెర్నల్‌కు తగిన డ్రైవర్ మాడ్యూల్ తయారుకాదు, లేదా తయారైనా సంతకం లేదని సెక్యూర్ బూట్ ఒప్పుకోదు. బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద పాత కెర్నల్ ఎంచుకున్నప్పుడు లోపలికి వెళ్లగలిగితే కారణం దొరికినట్టే.

షెల్ మార్చుకుని, తర్వాత ఆ కొత్త షెల్‌ను తీసేసినవాళ్లకు టెక్స్ట్ తెరలో కూడా ప్రవేశం ఉండదు. రికవరీ మోడ్‌లో రూట్‌గా వెళ్లి యూజర్‌మాడ్ ఆదేశంతో బాష్ షెల్‌ను తిరిగి పెట్టాలి. ఫెడోరాలో ఇంటి ఫోల్డరును వేరే డిస్క్ నుంచి తెచ్చి పెట్టినప్పుడు ఎస్ఈలినక్స్ గుర్తులు తప్పడం, యంత్రం కొత్తగా వేశాక వాడుకరి సంఖ్య మారి పాత ఫోల్డరు పరాయిది కావడం కూడా ఉన్నాయి.

వెతికే క్రమం

లినక్స్‌లో అనుభవజ్ఞులు ముందు రెండే ప్రశ్నలు వేస్తారు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ తెరలో లాగిన్ కాగలుగుతున్నారా? కొత్త వాడుకరిని సృష్టిస్తే ఆ పేరుతో డెస్క్‌టాప్ తెరుచుకుంటోందా? టెక్స్ట్‌లో కుదిరి, కొత్త వాడుకరికీ కుదిరితే దోషం పాత వాడుకరి ఇంటి ఫోల్డరులో ఉంది. టెక్స్ట్‌లో కుదిరి, కొత్త వాడుకరికి డెస్క్‌టాప్ రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్, డిస్క్, టెంప్, లేదా వ్యవస్థ మొత్తానికి వర్తించే ఫైలు. టెక్స్ట్‌లోనూ తోసేస్తుంటే షెల్, ఇంటి ఫోల్డరు, లేదా లాగిన్ నియమాలు. ఇక్కడి దాకా వచ్చాకే లాగ్ చదవాలి, ఎందుకంటే ఎక్కడ చూడాలో అప్పటికి తెలుస్తుంది. జర్నల్‌సీటీఎల్‌లో ఈ బూట్ తాలూకు చివరి వరుసలు, ఇంటి ఫోల్డరులో ఉంటే ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలు, ఎక్స్‌ఆర్గ్ లాగ్: లూప్ జరిగిన గడియారపు సమయాన్ని పట్టుకుని వీటిని చూస్తే తెర చెప్పని మాట అక్కడ ఉంటుంది.

విండోస్‌లో ఇదే తర్కం: సేఫ్ మోడ్‌లోనూ, వేరే అకౌంటులోనూ లూప్ ఉంటే విన్‌లాగాన్ వరుస, ఒక్క అకౌంటుకే ఉంటే ప్రొఫైల్.

కంపెనీ ల్యాప్‌టాప్ అయితే

కంపెనీ ల్యాప్‌టాప్ మీద పై చిట్కాలేవీ ప్రయోగించకూడదు. 2020 మార్చి లాక్‌డౌన్ నుంచి ఆఫీసు యంత్రాలు ఇళ్లకొచ్చాయి, పండక్కి అనంతపురానికో ఖమ్మానికో కూడా ప్రయాణిస్తున్నాయి. అవి కంపెనీ సర్వర్లు నడిపే డొమైన్‌కు కట్టుబడినవి. ఆఫీసు నెట్‌వర్క్ అందకపోతే విండోస్ దాచుకున్న పాత ఆధారాలతో లాగిన్ ఒప్పుకుంటుంది. మామూలు అమరికలో చివరిగా లాగిన్ అయిన 10 మంది వాడుకరుల దాకా అలా దాస్తుంది. కానీ ప్రొఫైల్ సర్వరు మీద ఉన్నా, రిమోట్ డెస్క్‌టాప్‌లో ప్రొఫైల్ డిస్క్ పాత సెషన్‌కు ఇంకా తగిలి ఉన్నా, కొత్త సెషన్ నిలవకపోవచ్చు. అది ఐటీ వాళ్లే విడిపించాలి. టికెట్ వేసేటప్పుడు ‘లాగిన్ అవడం లేదు’ అంటే వాళ్లు పాస్‌వర్డ్ రీసెట్ చేసి టికెట్ మూసేస్తారు. ‘పాస్‌వర్డ్ ఒప్పుకుంటోంది, సెషన్ వెంటనే ముగుస్తోంది’ అని రాసి, సమయం, కనిపించిన సందేశం, ఇంటి వైఫైనా ఫోన్ హాట్‌స్పాటా అన్నది చేర్చాలి. యంత్రాన్ని బయటి దుకాణానికి ఇవ్వడం కంపెనీ డేటాను అప్పగించడమే.

ఫార్మాట్‌కు ముందు

సొంత యంత్రానికి అన్నీ చూశాక కూడా దారి దొరకకపోతే ఫార్మాట్ తప్పకపోవచ్చు. ముందుగా లైవ్ ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫొటోలు, కాగితాలు బయటి డిస్క్‌లోకి తీసుకోవాలి. దుకాణదారు ‘డేటా పోతుంది, పర్లేదా’ అని అడిగినప్పుడు అవునని చెప్పనక్కర్లేదు. ముందు కాపీ తీయమని అడగవచ్చు. విండోస్ 11 వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ తాళం ముందే పడి ఉంటుంది. వాటిలో లైవ్ పెన్‌డ్రైవ్‌కు ఏమీ కనబడదు, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ కావాలి. యంత్రాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెట్టి ఉంటే ఆ కీ సాధారణంగా ఆ అకౌంటులోనే దొరుకుతుంది, ఫోన్‌లోంచి చూసుకోవచ్చు.

లినక్స్‌లో హోమ్ భాగాన్ని విడిగా ఉంచుకున్నవాళ్లు దాన్ని ముట్టుకోకుండా వ్యవస్థను కొత్తగా వేసుకోగలరు. అయితే కారణం ఇంటి ఫోల్డరులోని ప్రొఫైల్ ఫైలే అయినప్పుడు కొత్త వ్యవస్థ కూడా మొదటి లాగిన్‌లోనే ఆ ఫైలు చదివి బయటికి పంపేస్తుంది. అలాంటప్పుడు చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లను ఒక ఫోల్డరులోకి మార్చి లాగిన్ అయ్యి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవాలి.